గుబురయ్య గాబు, గుమ్మడి పాదు

అనగనగా ఒక అడవిలో, ఏరు ఎండినా నోరు ఎండని ఎలుగుబంటి ఒకటి ఉండేది. పేరు గుబురయ్య. మంచివాడే. కాకపోతే అతనికి కోపం ముందు వచ్చేది, ఆలోచన తీరిగ్గా తర్వాత వచ్చేది. భార్య పేరు తేనమ్మ. వాళ్ళ ఇంటి వెనక బొరియలో ముళ్ళపంది సూదయ్య పెళ్ళాం పిల్లలతో కాపురముండేవాడు.

ఆ బొరియ పక్కనే ఒక గుమ్మడి పాదు. అదంటే గుబురయ్యకు ప్రాణం. వచ్చిన వాళ్ళందరికీ చూపించేవాడు.

"అడవంతా మాడిపోతోంది, నా పాదు చూడండి! చుక్క నీళ్ళు పొయ్యలేదు. అంతా నా హస్తవాసి!" అని మీసం లేకపోయినా మెలేసేవాడు.

ఎండాకాలంలో ఆ అడవికి కొండమీది ఊట ఒక్కటే దిక్కు. ఏనుగు చందనమ్మ అక్కడినుంచి తొండంతో నీళ్ళు తెచ్చి, వంతుల ప్రకారం ఇంటింటి గాబు నింపేది. గాబు అంటే తెలుసుగా? మెడదాకా నేలలో పాతిన పెద్ద మట్టి తొట్టి. ఒకసారి నింపితే మళ్ళీ వంతు వచ్చేదాకా ఏ ఇంటికైనా సరిపోయేది. గుబురయ్య గాబు ఇంట్లో వెనక గోడవార ఉండేది. సూదయ్య వాళ్ళు కూడా అందులోంచే ముంచుకునేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం గుబురయ్య గాబు వంతు రాకముందే ఖాళీ అయింది. పోనీలే అని చందనమ్మ మళ్ళీ నింపింది. అవీ అయిపోయాయి.

"అందరికీ చాలిన నీళ్ళు నీకెందుకు చాలవు గుబురయ్యా? ఊట కూడా తగ్గిపోతోంది. ఇక వంతు తప్పి పొయ్యను" అంది చందనమ్మ, నలుగురూ వింటుండగానే.

గుబురయ్యకు తల కొట్టేసినట్టయింది. విసవిసా ఇంటికొచ్చాడు.

"తేనమ్మా! ఇకమీద తునికిపళ్ళు కడగొద్దు. తుడుచుకుని తిందాం" అన్నాడు.

తుడుచుకునే తిన్నారు. పళ్ళకింద ఇసుక కరకరలాడింది. గాబు మాత్రం తగ్గుతూనే ఉంది.

"అయితే స్నానాలు బంద్!" అన్నాడు.

నడివేసవిలో స్నానం లేని ఎలుగుబంటి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చూడ్డానికొచ్చిన చుట్టాలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. అయినా గాబు తగ్గుతూనే ఉంది.

అప్పుడు పక్క చెట్టుమీది కోతి గెంతులమ్మ కిందికి వంగింది. "ఇంట్లోవాళ్ళను మాడుస్తావేం బావా? ఇంటి వెనక ఎవరున్నారో చూసుకో!" అంది.

అంతే. గుబురయ్య బొరియ ముందు నిలబడి అరిచాడు.

"ఒరే సూదయ్యా! ఇవతలికి రా! నా ఇంట్లో దొంగతనం చేస్తున్నావట్రా?"

సూదయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అదీ... అన్నా... అంటే..." అన్నాడు.

"చూశావా బావా! అడిగితే నీళ్ళు నములుతున్నాడు!" అంది గెంతులమ్మ.

గుబురయ్య ఎగిరి పడ్డాడు. "ఏమిటీ! తాగడం చాలక నమలడం కూడానా! తాగితే గుక్కెడు పోతుంది, నమిలితే గాబుకు గాబే పోతుంది! సాయంత్రానికల్లా నా బొరియ ఖాళీ చెయ్యి!"

సూదయ్య పెళ్ళాం గొల్లుమంది. ఏడవదా మరి? బయట నేల పెనంలా కాలుతోంది. కొత్త బొరియ తవ్వుదామంటే మన్ను రాయిలా ఉంది. పిల్లలకు ఇంకా ముళ్ళు కూడా గట్టిపడలేదు.

ఆ ఏడుపు విని తేనమ్మ బయటికొచ్చింది.

"ఆగవయ్యా! నీళ్ళు నమలడమంటే మాట రాక తడబడటం. ఆ మాత్రం తెలియదూ? అందరినీ అడిగావు. గాబును అడిగావా?"

"గాబు మాట్లాడుతుందటే?"

"అడిగే తీరున అడిగితే ఎందుకు మాట్లాడదు?"

తేనమ్మ గాబులోకి వంగి, నీళ్ళు ఉన్నంతమేరకు బొగ్గుతో గీత గీసింది. పైన మూత పెట్టింది. "పొద్దు వాలేదాకా ఎవరూ ముట్టకూడదు. అందరూ నా కళ్ళముందే కూర్చోవాలి" అంది.

అందరూ ఇప్పచెట్టు నీడన కూర్చున్నారు. పిల్లలకు దాహం వేస్తే గెంతులమ్మే తన గాబులోంచి నీళ్ళు తెచ్చి తాగించాల్సి వచ్చింది. నోరు ఊరుకోకపోతే అంతే మరి.

పొద్దు వాలింది. మూత తీశారు. నీళ్ళు గీతకు జానెడు కిందున్నాయి!

"ఎవరూ ముట్టలేదే! మరి ఎవరు తాగినట్టు?" అన్నాడు గుబురయ్య.

"నేల తాగింది. ఎక్కడ తాగిందో చూద్దాం" అంది తేనమ్మ. ఎండబెట్టి దాచిన మోదుగపూలు తెచ్చి, నలిపి గాబులో వేసింది. నీళ్ళన్నీ కాషాయం రంగుకు తిరిగాయి.

పొద్దున్నే లేచి వెతికారు. ఇంటి ముందు చూశారు. పొడినేల. పక్కన చూశారు. పొడినేల. వెనక్కి వెళ్ళి గుమ్మడి పాదులో చూస్తే, మన్ను కాషాయం రంగులో తడితడిగా ఉంది!

సూదయ్య అక్కడ తవ్వాడు. పాదును చూరుమీదికి పాకించడానికి ఆ ఏడే గుబురయ్య గోడవార ఏటవాలుగా పాతిన గుంజ ఒకటి అక్కడుంది. దాని మొన గోడ కిందనుంచి సరిగ్గా గాబు పొట్టలో దిగి ఉంది. పాతేటప్పుడు ఏదో గట్టిగా తగిలితే, రాయి అనుకుని ఇంకా బలంగా బాదాడు మహానుభావుడు!

"నీ హస్తవాసి ఇదేనటయ్యా?" అంది తేనమ్మ.

"అదీ... తేనమ్మా... అంటే..." అన్నాడు గుబురయ్య.

"బావ నీళ్ళు నములుతున్నాడు!" అని గెంతులమ్మ కేకేసింది. అందరూ పకపకా నవ్వారు.

గుబురయ్య మాత్రం నవ్వలేదు. సూదయ్య ముందు తల వంచాడు. "తప్పయిపోయింది తమ్ముడూ. పసిపిల్లలతో సహా నిన్ను ఎండలోకి తోసేవాణ్ణి. తలుచుకుంటే సిగ్గేస్తోంది. కానీ ఒక్కటి చెప్పు. నీ తప్పు లేనప్పుడు అంతలా ఎందుకు తడబడ్డావు?"

సూదయ్య నేల చూపులు చూశాడు.

"దొంగ అనగానే భుజాలు తడుముకున్నానన్నా. నేను నీళ్ళ దొంగను కాదు... గుమ్మడికాయ దొంగను. చూరు వెనక కాసిన కాయ మేమే తిన్నాం."

గుబురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పోనీలేరా! నీ వంతు నీళ్ళూ తాగే కదా ఆ కాయ కాసింది! ఈసారి అడిగి తిను."

గుంజ పీకి, చిల్లును మైనంతో పూడ్చి, పైన బంకమట్టి మెత్తారు. గాబు నిలిచింది. మళ్ళీ వంతు వచ్చేదాకా నీళ్ళు సరిపోయాయి. అందరికంటే ముందు స్నానం చేసింది గుబురయ్యే. అడవంతా ఊపిరి పీల్చుకుంది.

గుమ్మడి పాదు మాత్రం తలలు వాల్చేసింది. ఇప్పుడు తునికిపళ్ళు కడిగిన నీళ్ళన్నీ గుబురయ్యే మోసుకెళ్ళి దానికి పోస్తున్నాడు. ఎవరైనా "ఏం హస్తవాసి బావా!" అంటే, నీళ్ళు నమలకుండా నిజమే చెబుతున్నాడు.

నీతి: ఇంట్లో నీళ్ళు తరిగిపోతుంటే ముందు గాబును చూడాలి, చూడకుండా పక్కవాణ్ణి దొంగ అంటే, చివరికి నీళ్ళు నమలాల్సింది మనమే.