నాలుగు ఆకుపచ్చ లైట్లు

ఎల్లమందకి ఉన్న గర్వం ఒక్కటే. తను చూసే మిషన్లు పడిపోవు.

మార్కాపురంలో పలకల షెడ్డు మీద ఒక గది. అక్కడ కూర్చుని, ఎక్కడో సిటీలో ఉన్న నాలుగు సర్వర్లని చూసుకోవటం అతని పని. వాటిని కళ్ళారా చూసింది లేదు. కిడ్నీ జబ్బోళ్ళు డయాలసిస్‌కి టోకెన్ తీసుకునే సైటు ఆ నాలుగిటి మీదే నడుస్తది. వాటి ముందు ఇంకో మిషను ఉంటది. వచ్చినోళ్ళని నాలుగిటికీ పంచుద్ది. ఎవరికి ఏది పడితే ఆ రోజంతా వాళ్ళకి అదే. పది సెకన్లకోసారి ఒక్కోదాన్నీ "ఉన్నావా?" అని అడుగుద్ది. "ఉన్నా" అంటే తెర మీద ఆకుపచ్చ లైటు.

ఆ రోజు పొద్దున్నుంచి నాలుగూ ఆకుపచ్చే.

తర్లుపాడు దగ్గర పల్లె నుంచి నాసరయ్య అనే పెద్దాయన మూడుసార్లు ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, టోకెన్ కాడికొచ్చేసరికి తెల్లకాగితం మాదిరి వస్తంది. రేపన్నా మా ఆడమనిషికి రక్తం కడిగించాల. నిన్ననే చేయించాల్సింది."

"ఇక్కడ అన్నీ బాగున్నాయి తాతా. నీ ఫోన్‌లోనే ఉంది తేడా."

"నా ఫోను పాతదేలే," అని పెట్టేశాడు మూడోసారి. మళ్ళీ చెయ్యలా. నాలుగింటికల్లా రేపటి టోకెన్లు అయిపోయినయ్.

సాయంత్రం మస్తాన్ వలీ మాస్టారు వచ్చాడు. ఎల్లమందకి ఈ పని నేర్పింది ఆయనే. సంగతంతా విన్నాడు. తెర వంక చూళ్ళా.

"అన్నం తిన్నావా?"

"తిన్నా మాస్టారూ."

ఎల్లమంద వాళ్ళమ్మ పోయి ఇరవై రోజులు. ఎవరడిగినా నోటికి ఆ మాటే వస్తంది.

మాస్టారు బల్ల కింద ఉన్న డబ్బా తీసి మూత తెరిచాడు. ఎల్లమందకి చెల్లెలు కట్టిన అన్నం కట్టినట్టే ఉంది. పైన పెట్టిన మాగాయ ముక్క కూడా కదల్లా. డబ్బాని తెర ముందు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఎల్లమంద అన్నం వంక చూశాడు. "ఉన్నా" అంటున్న లైట్ల వంక చూశాడు.

ఒక్కో మిషన్లోకీ తనే పోయి టోకెన్ పేజీ అడిగాడు. ఒకటోది ఇచ్చింది. రెండోది ఇచ్చింది. మూడోది తెల్లగా వచ్చింది. లోపల డిస్కు నిండిపోయి, టోకెన్ రాసుకునే చోటు లేదు. పైన లైటు మాత్రం ఆకుపచ్చే. దాన్ని వరసలోంచి తీసేశాడు.

"పొద్దున్నుంచి ఎంతమంది దీనికి పడ్డారో మాస్టారూ. ఆ తాతొక్కడే గదా ఫోన్ చేసింది."

"మిగతావాళ్ళు ఫోన్ చెయ్యలా," అన్నాడాయన. "అంతే."

నాసరయ్యకి చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"తాతా, తప్పు మాదే. ఇప్పుడు చూడు, వస్తది."

కాసేపటికి, "వచ్చిందిలే అబ్బాయ్. ఎల్లుండికి పడింది."

"అవ్వకి ఎట్టుంది?"

"బాగానే ఉంది."

ఎల్లమంద ఫోను పెట్టబోయి ఆగాడు.

"పడుకుందా తాతా?"

ఈసారి పెద్దాయన గొంతు సన్నగా వచ్చింది.

"కూర్చునే ఉంది అబ్బాయ్. పడుకుంటే ఊపిరాడటం లేదంట."

మాస్టారు అప్పటికే లేచి, తన ఫోన్‌లో 108కి ఆ పల్లె పేరు చెప్తన్నాడు. చెప్పటం అయ్యాక డబ్బాని ఎల్లమంద దగ్గరికి జరిపాడు.

"రెండు ముద్దలు తిను. బండి తీస్తా, తాతోళ్ళ ఊరికి పోదాం."