జిగురప్ప సాక్ష్యం

వానలు వెనకబట్టాయి, చలి ఇంకా ముదరలేదు. కొండ కింద పశువుల కొట్టం వెనక ఉన్న మడి జంతువుల సొంతం. ఆ ఏడు అందులో బర్సీమ్ మేత చల్లారు. మూడేసి ఆకులతో మెత్తగా పెరిగే గడ్డి అది, పాలిచ్చే పశువుకు అమృతమే. గేదె మాలక్ష్మక్క ఒట్టి వరిగడ్డి నమిలీ నమిలీ వట్టిపోతోంది. దూడ పొదుగు కుమ్మికుమ్మి ఏడుస్తోంది. ఈ మేత చేతికొస్తేనే దూడ బతుకుతుంది.

మొలకలు వచ్చాయి! మడంతా పచ్చటి నూగు కమ్మింది. మర్నాడు పొద్దున్నే అందరూ ఆశగా వచ్చి చూస్తే ఒట్టి మట్టి మిగిలింది.

“అయ్యో, నా బిడ్డ నోటి దగ్గర కూడు!” అని మాలక్ష్మక్క గొల్లుమంది.

అప్పుడే ఒక మట్టిపెళ్ల కిందనుంచి జిగురప్ప బయటికి పాకాడు. వీపున గుల్లయినా లేని నత్త. చూస్తే జాలేస్తుంది.

“నేను చూశానమ్మా!” అని కళ్లు రెండూ సాచి ఆడించాడు. “పొడుగు చెవులు, పొట్టి తోక.”

అందరూ కంచె వైపు తిరిగారు. అక్కడ కాపురముండే కుందేలు చెంగల్రావు తాపీగా మొహం కడుక్కుంటున్నాడు.

“నేనా? గట్టు దిగితే ఒట్టు!” అని ఎగిరి గంతేశాడు.

“నోర్ముయ్,” అన్నాడు ఎద్దు వీరభద్రం. “జిగురప్పకి అబద్ధమాడాల్సిన అవసరమేంటి? ఈ పెళ్ల నుంచి ఆ పెళ్లకు పోవడానికే వాడికి పూట పడుతుంది. వాడి బతుక్కి దొంగతనం కూడానా?”

చెంగల్రావుని పట్టుకొచ్చి గట్టు మీద కోళ్లగంప కింద మూశారు. మళ్లీ గింజలు చల్లాలన్నారు.

“పెద్దలు మీకు చెప్పేపాటివాణ్ణి కాదుగానీ,” అని జిగురప్ప మెల్లగా మొదలెట్టాడు. “ఈ మట్టిపెళ్లలు చితక్కొట్టకండి, తేమ ఆగుతుంది. పైన వరిగడ్డి మందంగా కప్పండి, మొలక ఎవరి కంటా పడదు. ఇక ఆ బాతుల్ని మాత్రం మడిలోకి రానివ్వొద్దు బాబూ. తొక్కి పారేస్తాయి.”

బాతు బుల్లెమ్మకి ఒళ్లు మండింది. “మేం తొక్కితే మొలక చచ్చిపోతే, ఈ ఎద్దు తొక్కితే బతుకుతుందా?”

ఎవరూ వినలేదు. కథ చెబుతున్న నాకు మాత్రం వీరభద్రం మీదే కోపం. దున్నాక దుంగ లాగి పెళ్లలన్నీ నలిపి మడి చదును చెయ్యడం అతని పని. మొదటిసారీ ఎగ్గొట్టాడు. ఇప్పుడు నత్త వద్దనేసరికి ప్రాణం లేచొచ్చింది.

“ఆహా, ఏం తెలివి!” అని తల ఊపి, నీడకు పోయి పడుకున్నాడు.

మొలకలు మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి! గడ్డి తీసి చూస్తే ఒక్క ఆకు లేదు. ఇక కొట్టంలో మిగిలినవి చాటెడు గింజలు. దూడ లేచి నిలబడలేకపోతోంది.

“ఇప్పుడేమంటారు?” అని గంపలోంచి చెంగల్రావు అరిచాడు. “నేను ఇక్కడే ఉన్నాగా!”

అందరూ జిగురప్ప వైపు తిరిగారు. అతను తడుముకోలేదు. “వాళ్లావిడ చేసిన పని.”

“నాకింకా పెళ్లే కాలేదు!”

“అయితే వాళ్లమ్మ.”

వీరభద్రం గిట్టతో నేల తన్నాడు. “రేపు పొద్దున్నే వీణ్ణి వాగవతలకి తరిమేద్దాం.”

వాగవతల నక్కలున్నాయి. అయితే గంప సందుల్లోంచి చెంగల్రావు ఒకటి కనిపెట్టాడు. పొద్దుటెండ పడగానే వరిగడ్డి మీద జిగురు చారలు మెరుస్తున్నాయి. ఒకటా రెండా, మడంతా అవే! చెబితే ఎవరు నమ్ముతారు? గబుక్కున వీరభద్రం వైపు తిరిగి ఏడుపు మొహం పెట్టాడు.

“ఒప్పుకున్నాను మావయ్యా, దొంగని నేనే! పోయేముందు ఒక్క కోరిక. ఆ సాక్షిగారికి విందు చేసి దణ్ణం పెట్టుకుపోతాను. ఒక గోనెపట్టా తడిపి మడిలో పరిపించండి. కింద తవుడు, దోసకాయ ముక్కలు పెట్టించండి. పాపం, ఒంటరివాడు కదా, చిన్న పట్టా చాలేమో?”

జిగురప్పకి నోరూరిపోయింది. “ఒంటరివాణ్ణే బాబూ, నా అనేవాళ్లు లేరు. కానీ పట్టా పెద్దదే వెయ్యండి. నాకు కాస్త ఒళ్లు చాచుకోవడం అలవాటు.”

తెల్లారింది. తరిమెయ్యడానికి అందరూ గంప దగ్గర చేరారు.

“పట్టా ఎత్తండి!” అని చెంగల్రావు కేకేశాడు. “ఎత్తండి, ఎత్తండి, ఎండెక్కకముందే!”

మాలక్ష్మక్క కొమ్ముతో పట్టా లేపింది. అమ్మో! జిగురప్ప, అతని అన్నదమ్ములు, అత్తలు, మేనమామలు, వేలువిడిచిన చుట్టాలు, కుప్పలు కుప్పలుగా! తవుడు తిని కదల్లేకున్నారు. కొందరి మూతులకి ఇంకా బర్సీమ్ ఆకు ముక్కలు అంటుకునే ఉన్నాయి.

“ఒంటరివాడివన్నావే!” అని మాలక్ష్మక్క రంకె వేసింది. “బుల్లెమ్మా, నీవాళ్లందర్నీ పిలువు!”

బుల్లెమ్మ పిలిచేదాకా ఎవరాగారు? బాతులు రెక్కలు కొట్టుకుంటూ మడిలోకి దూకాయి. ఏం పరుగులు, ఏం అరుపులు! జిగురప్ప మట్టిపెళ్ల వైపు పాకుతూనే ఉన్నాడు. బుల్లెమ్మ ఒక్క అడుగులో అందుకుంది.

“సాక్షినమ్మా! సాక్షిని తినకూడదు!”

“మిగతా సాక్ష్యం నా కడుపులో చెప్పు,” అంది బుల్లెమ్మ.

గంప తీశారు. వీరభద్రం చెంగల్రావు మొహం చూడలేక, ఎవరూ చెప్పకుండానే దుంగ మెడకెత్తుకున్నాడు. ఒక్క పెళ్ల మిగలకుండా నలిపి, మడి అరచెయ్యిలా చదును చేశాడు. వరిగడ్డి అంతా అవతలికి ఈడ్చేశారు. నత్తలకి దాక్కునే చోటు లేకుండా పోయింది. బాతులు నేలంతా వెతికాక, మిగిలిన చాటెడు గింజలు పైపైన చల్లారు. మొలక గట్టిపడేదాకా గట్టున తడిపట్టా పరవడం, పొద్దున్నే ఎత్తి చూడడం చెంగల్రావు పని. ఎత్తినప్పుడల్లా బాతులదే పండగ.

ఈసారి మొలకలు నిలిచాయి. మేత మోకాలెత్తు లేచింది. మాలక్ష్మక్క పొదుగు నిండింది, దూడ చెంగుచెంగున కొట్టం చుట్టూ పరిగెత్తింది. మొదటి కోత మొదటి గుప్పెడు చెంగల్రావు ముందు పెట్టారు. అతను వీరభద్రం వంక చూసి, “తినమంటావా మావయ్యా, మళ్లీ గంప తెస్తావా?” అన్నాడు. వీరభద్రం తల దించుకుని, తన వంతు కూడా అతని ముందుకే తోశాడు.

నీతి: మనకి సుఖంగా ఉందని ఎవరి సలహా అయినా వినేముందు, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందో చూసుకోవాలి.