వణికిన గుర్రం

సంస్థానం దర్బారు హాలు కోసం కోదండపాణి రక్కసి తంగడి యుద్ధాన్ని గోడంత కాన్వాసు మీద వేస్తున్నాడు. తొమ్మిది నెలలైంది. నలభై గుర్రాలు ముందుకాళ్లెత్తి దుమ్ములోంచి దూకుతున్నాయి. చూసినవాళ్లంతా "చాలా బాగుంది" అని వెళ్లిపోతున్నారు. ఎవరూ ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడటం లేదు.

ఆ దిగులుతో అతనికి తిండి సయించడం మానేసింది. చివరికి గురువు ఇబ్రహీం ఉస్తాద్‌ను అడిగాడు.

"ఎక్కడ తప్పింది ఉస్తాద్? రౌతుల ముఖాల్లోనా, రంగుల్లోనా?"

ఉస్తాద్ బొమ్మను చాలాసేపు చూశాడు. "చెప్పులేసుకో, వెళ్దాం" అన్నాడు.

ఇద్దరూ గుర్రపుశాలకు వెళ్లారు. అక్కడ లాలప్ప జమున అనే ముసలి గుర్రాన్ని తోముతున్నాడు. ఒకప్పుడు అతనూ రౌతే. ఏదో సరిహద్దు పోరులో ఎడమకాలు దెబ్బతిని, అప్పట్నుంచీ కుంటుతూ శాలలోనే ఉండిపోయాడు.

ఉస్తాద్ ఇనుప బాల్చీ ఒకటి ఎత్తి రాతినేల మీద పడేశాడు.

జమున ఒళ్లంతా వణికింది. చెవులు వెనక్కి వాల్చింది. కానీ పారిపోలేదు. అదే లాలప్పకు ఎడమపక్కగా జరిగి, అతను ఆనుకోవడానికి వీలుగా నిలబడింది.

"తప్పయింది తల్లీ" అని ఉస్తాద్ దాని నుదురు నిమిరాడు.

"దీనికి చప్పుడంటే భయం సాబ్" అన్నాడు లాలప్ప. "ఆ పొద్దు పోరులో కూడా ఇట్లనే వణికింది. వణుక్కుంటనే నన్ను మోసుకొచ్చింది. లేకుంటే నేనేడుండేటోణ్ణి?"

కోదండపాణి దాని మెడ మీద చెయ్యి వేశాడు. వణుకు తగ్గేదాకా తియ్యలేదు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ హాలుకు వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. బొమ్మలో అన్నిటికన్నా ముందున్న గుర్రాన్ని ఎవరో పూర్తిగా గీకేశారు. ఆయన నేరుగా శాలకు వెళ్లాడు. కోదండపాణి జమున జూలు దువ్వుతున్నాడు.

"ఇవాళ బొమ్మ వెయ్యవా?"

"వేస్తాను ఉస్తాద్. దీనికి నీళ్లు పెట్టి వస్తాను."

ఉస్తాద్ వెనక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి తడిచేతులతో హాలుకు వచ్చిన కోదండపాణి గడపలోనే ఆగిపోయాడు. ముప్పయ్యేళ్లుగా శిష్యులెవరికీ రంగు నూరిపెట్టని ఉస్తాద్, చొక్కా చేతులు మడిచి, కింద కూర్చుని అతని కోసం రంగు నూరుతున్నాడు.



"నిలబడిపోయావేం?" అన్నాడు ఉస్తాద్, తలెత్తకుండానే. "రా, మంచి వెలుతురుంది."