వాననాడు వచ్చిన చిలక

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే రాజు అక్కడే నిలబడిపోతాడు. ఆ రాజు పేరు కనకసేనుడు, ఏలేది సుగంధిపురం. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయంతుడు, నడిమివాడు కుశాంగుడు, ఆఖరిది మందారవల్లి. మందారానికి ఆరేళ్ళు, ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి.

ఆ కోటలో మూడేళ్ళుగా చప్పుడన్నదే లేదు. ఎందుకంటే, రాణి సౌగంధి మూడేళ్ళుగా నిద్రపోతూనే ఉంది. ఏడు సముద్రాల అవతల ఉండే కుంభీలుడనే మాంత్రికుడు ఒకనాడు వచ్చి, తనను పెళ్ళాడమని ఆమెను అడిగాడు. ఆమె పకపకా నవ్వింది. వాడికి ఒళ్ళు మండి, మంత్రం వేసి నిద్రపుచ్చాడు. పోతూ పోతూ, "ఈ కోటలో గట్టిగా చప్పుడైతే రాణి ఊపిరి ఆగిపోతుంది, జాగ్రత్త" అని బెదిరించి పోయాడు.

అంతే! గంటలకు గుడ్డలు చుట్టారు. తలుపుల బందులకు ఆముదం పోశారు. వంటవాళ్ళు పోపు కూడా మూత పెట్టే వేసేవారు. తుమ్మొస్తే ముక్కు మూసుకునేవారు. పిల్లలు నవ్వొస్తే దిండులో మొహం దాచుకునేవారు, పాపం. కొన్నాళ్ళకు ఆ నవ్వు కూడా రావడం మానేసింది.

ఒక శ్రావణమాసపు పగలు. వాన పడుతోంది, పడుతోంది, పడుతూనే ఉంది. పిల్లలు ముగ్గురూ అమ్మ మంచం పక్కన కూర్చుని కిటికీ మీద చినుకులు లెక్కపెడుతున్నారు. అప్పుడు తడిసి ముద్దయిన చిలక ఒకటి కిటికీలోంచి వచ్చి, మందారం ఒళ్ళో దబ్బున పడింది.

"ఎవరు నువ్వు?" అన్నాడు జయంతుడు గుసగుసగా.

"చుట్టాన్ని. చుట్టమొస్తే కాళ్ళకు నీళ్ళివ్వరూ? సరేలే, కడుక్కునే వచ్చాను" అంది చిలక. "ఏమిటర్రా ఆ మొహాలు? రండి నాతో."

మొదట, కూర్చునే కునికిపాట్లు పడుతున్న మంత్రిగారి తలపాగా కొస పట్టుకుని చిలక ఎగిరింది. తలపాగా విడుతోంది, విడుతోంది, ఏడు గదులు దాటినా విడుతూనే ఉంది. రెండోసారి వంటింటి గుమ్మం మీద వాలి, అచ్చం రాజుగారి గొంతుతో, "అరిసెలు పంపండి!" అంది. పళ్ళెం నిండా అరిసెలొచ్చాయి. మూడోసారి పిల్లల్ని వాకిట్లోకి తీసుకుపోయి ఈల వేసింది.

ఆ ఈలకు వాకిట్లోని వాననీళ్ళు వెడల్పయి, ఇంకా వెడల్పయి, ఒడ్డు కనపడని ఏరైపోయాయి. మంత్రిగారి తలపాగా పడవైంది. ముగ్గురూ ఎక్కారు. మబ్బులు కిందికి వంగి పిల్లల జుట్టు నిమిరాయి. నీళ్ళ అడుగున వెండిచేపలు చేయీ చేయీ పట్టుకున్నట్టు గుండ్రంగా తిరిగాయి. చేపలకు చేతులుంటాయా అని అడక్కండి, ఆ నీళ్ళలో ఉన్నాయి. మందారం వంగి చూస్తుంటే ఒక చేప ఎగిరి దాని ముక్కు మీద ముద్దు పెట్టింది. మందారం కిలకిలా నవ్వేసింది, కోటంతా మోగేట్టు!

ఏరు మాయమైంది. అయ్యో, కోటలో చప్పుడైపోయిందే! తడిబట్టలతోనే అమ్మ దగ్గరికి పరిగెత్తారు. అమ్మ ఊపిరి మెల్లగా, ఎప్పటిలాగే ఆడుతోంది.

"కుంభీలుడు అబద్ధమాడాడు" అంది చిలక. "రాణిగారు తనంతట తను ఒక్క మాట పలికితే చాలు, మంత్రం విడిపోతుంది. ఏ చప్పుడు విని పలుకుతుందోనని వాడి భయం. నాకెలా తెలుసంటే, వాడి ప్రాణం నాలోనే ఉంది. నూరేళ్ళు గుహలో బంధించాడు. విసుగెత్తి పారిపోయి వచ్చాను."

జయంతుడు కత్తి దూశాడు. "అయితే నిన్ను చంపితే వాడూ చస్తాడు!"

మందారం చిలకను పరికిణీలో దాచేసుకుంది. "చుట్టాన్ని చంపుతారా అన్నయ్యా? తప్పు కాదూ! అమ్మను నేను పిలుస్తాగా. అమ్మా! అమ్మా!"

ముగ్గురూ గొంతు చించుకుని పిలిచారు. అమ్మ పలకలేదు. మందారానికి ఏడుపొచ్చేసింది.

ఇంతలో మంత్రాల పావుకోళ్ళ మీద ఎగురుతూ కుంభీలుడు దిగాడు. చిలకను లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. "నా ప్రాణమున్న ఈ చిలకతో నేను గడప దాటగానే మంత్రం ముడి బిగుసుకుంటుంది. ఇక బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు" అంటూ కాలెత్తాడు.

"హాచ్!" అని దొంగతుమ్ము తుమ్మాడు జయంతుడు.

కుంభీలుడి కాలు గాల్లోనే ఆగిపోయింది. ఎంత మాంత్రికుడైతేనేం, బయల్దేరేటప్పుడు ఒంటితుమ్ము వినిపిస్తే ఎవరు గడప దాటుతారు? వెనక్కొచ్చి కూర్చున్నాడు. "మంచినీళ్ళివ్వు" అన్నాడు గుర్రుగా. తాగి, మళ్ళీ లేచాడు.

"హాచ్!" అన్నాడు కుశాంగుడు, వాడిదీ దొంగతుమ్మే. కుంభీలుడు పళ్ళు నూరుతూ మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ చెంబుడు నీళ్ళు తాగాడు. రాణిలో చలనం లేదు. దొంగతుమ్ములకు మాంత్రికులు మోసపోతారు గాని తల్లులు పోతారా?

మూడోసారి వాడు లేచాడు. అప్పుడు తడిజుట్టుతో వణుకుతున్న మందారానికి నిజంగానే తుమ్మొచ్చింది. మూడేళ్ళ అలవాటుతో చటుక్కున ముక్కు మూసుకుంది.

"ఆపుకోకే మందారం!" అని అన్నలిద్దరూ దాని చేతులు లాగేశారు.

"హాఛ్ఛీ!"

"చిరంజీవ" అంది మంచం మీంచి అమ్మ.

కళ్ళింకా తెరవలేదు. పిల్ల తుమ్మింది, తల్లి దీవించింది, అంతే. తరవాత కళ్ళు తెరిచి, "ఎవరే ఆ తుమ్మింది? మళ్ళీ వానలో తడిశారా? తల తుడుచుకోవాలని తెలీదూ? ఇలా రండి, ముగ్గురూ!" అని కేకలేసింది.

మంత్రం విడింది, మాంత్రికుడి శక్తీ ఊడింది. చంకలోంచి చిలక తుర్రుమంది. కుంభీలుడు చతికిలబడి, "నా ప్రాణం, నా చిలక" అని చేతులు జోడించాడు. చిలక చచ్చినా రానంది. చేసేది లేక, ఆ ఏడు సముద్రాలూ పడవలు మారుతూ, వాంతులు చేసుకుంటూ ఇంటికి పోయాడు.

కేకలు విని కనకసేనుడు పరిగెత్తుకొచ్చాడు. లోపల రాణి కొంగుతో ముగ్గురి తలలూ తుడుస్తోంది, తిడుతోంది, తుడుస్తోంది. మహారాజు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. రాణి ఆయన్ని కూడా, "మీరేం చేస్తున్నారండీ, పిల్లలిలా తడుస్తుంటే?" అని తిట్టింది. ఆయన ఏడుస్తూనే నవ్వాడు.

తరవాత జయంతుడి పెళ్ళయింది, కుశాంగుడి పెళ్ళయింది, చివరికి మందారవల్లికీ ఒక మంచి రాజకుమారుడు దొరికాడు. మూడు పెళ్ళిళ్ళలోనూ చిలకే పెద్ద చుట్టం. అందరూ నూరేళ్ళు హాయిగా ఏలుకున్నారు. వాళ్ళనలా ఏలుకోనిచ్చి మనం అన్నాలకు లేద్దాం, పదండి.