రేపు లేని ఆట

అనగనగనగా, మీ తాతలకు తాతలు ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో, విజయకేతుడనే రాజు ఏలుబడిలో రెండు ఊళ్లుండేవి. గుట్ట మీద ఎగువపాడు, గుట్ట కింద దిగువపాడు. ఎగువపాడులో చెరువుంది, గడ్డి లేదు. దిగువపాడులో గడ్డివాములున్నాయి, నీళ్లు లేవు. వానలు ఆలస్యమైన ఏడు ఎగువవాళ్లు తూము ఎత్తి కిందికి నీళ్లు వదిలేవారు. దిగువవాళ్లు బళ్లకు గడ్డి ఎత్తి పైకి తోలేవారు. ప్రేమతో కాదర్రా పిల్లలూ, అవసరంతో! ఎలాగైతేనేం, రెండూళ్లలోనూ పొయ్యి వెలిగేది.

రెండూళ్లకూ కలిపి ఒకటే బడి. సోమిదేవయ్యవారు అందులో చదువు చెప్పేవారు. దిగువపాడు పెద్ద మారన్న కూతురు చెంగల్వ, ఎగువపాడు పెద్ద సింగమనాయుడి కొడుకు బుచ్చన్న అక్కడే చదివేవారు. ఇద్దరూ చురుకైనవాళ్లే. ఇద్దరికీ పొగరే.

ఒకనాడు అయ్యవారు ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో బెల్లం పెట్టారు.

"చేతులు వెనక్కి పెట్టుకోండి. నేను 'ఊఁ' అనగానే ముందుకు తేవాలి. ఇద్దరూ అరచేయి చాపితే చెరో పెద్ద ముక్క. ఒకరు చాపి ఒకరు గుప్పిట మూస్తే, బెల్లమంతా మూసినవాళ్లదే. ఇద్దరూ మూస్తే చెరో చిన్న పలుకు, అంతే" అన్నారు.

"ఊఁ!"

రెండూ గుప్పిళ్లే. ఇద్దరూ పలుకు చప్పరించి మొహాలు మాడ్చుకున్నారు.

"ఇకనుంచి రోజూ ఇదే ఆట. ఎన్నాళ్లో మాత్రం చెప్పను" అన్నారు అయ్యవారు.

మర్నాడు చెంగల్వ తెగించి చేయి చాపింది. బుచ్చన్న మూశాడు, బెల్లమంతా బొక్కేశాడు. ఆ మర్నాడు చెంగల్వా మూసింది. వాడికి పలుకే దక్కింది.

"నువ్వు మూస్తే నేనూ మూస్తాను. చాపితే చాపుతాను. ఇక నీ ఇష్టం!" అంది చెంగల్వ.

వాడు బుర్ర గోక్కున్నాడు. తర్వాతి రోజు ఇద్దరూ చాపారు. ఇక అదే అలవాటైపోయింది.

అలా ఉండగా, వేటకని అటొచ్చిన రాజు రెండూళ్ల అవస్థ విని జాలిపడ్డాడు. మంచివాడే పాపం. మంచివాడు ముందూ వెనకా చూసుకోకపోతే ఏమవుతుందో చూడండి!

"వచ్చే ఏడు దిగువపాడుకు ఏటి నుంచి వేరే కాలువ తవ్విస్తాం. ఎగువపాడుకు పచ్చిక బీడు ఇస్తాం. ఒకరి గడప ఒకరు తొక్కడం ఈ ఏడే కడసారి!" అని చాటింపు వేయించాడు. డప్పు మోగింది. జనం జేజేలు పలికారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దిగువపాడులో నారుమళ్లు ఎండుతున్నాయి. మారన్న నీళ్లకు కబురంపాడు.

"వచ్చే ఏడు వాళ్లతో మనకేం పని? నీళ్లు మనకే ఉండనీ" అని సింగమనాయుడు తూము మూయించాడు.

"అలాగా! అయితే గడ్డిపరక కూడా గుట్ట ఎక్కదు" అన్నాడు మారన్న.

నారు పసుపుబారింది. గొడ్ల డొక్కలు లోపలికి పోయాయి. నారు పోతే దిగువపాడుకు ఏడాదంతా తిండి లేదు. గొడ్లు పోతే ఎగువపాడుకు దుక్కి లేదు. అయినా ఎవరూ ఒక మెట్టు దిగలేదు. నిన్నటిదాకా బావా, బావా అని పిలుచుకున్నవాళ్లు ఎదురుపడితే ఉమ్మేసి పోయేవారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది!

పిల్లల్ని బడి మాన్పించారు. చివరి రోజున అయ్యవారు బెల్లం తెచ్చి మధ్యలో పెట్టి, "ఇదే ఆఖరి ఆట" అన్నారు.

"ఊఁ!"

రెండూ గుప్పిళ్లే.

"చెంగల్వా, ఇన్నాళ్లూ చాపావు కదే. ఇవాళెందుకు మూశావమ్మా?"

"రేపు ఆట లేదు కదా అయ్యవారూ. వాడెలాగూ మూస్తాడని..." అంటూనే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "మా నాన్నా, వాళ్ల నాన్నా చేస్తున్నది ఇదేనా?"

"ఇదేనమ్మా."

చెంగల్వ పరుగున ఇంటికి వెళ్లి, ఆ కాలువ మనకు వద్దని రాజుగారికి చెప్పమని తండ్రిని బతిమాలింది.

"మతి పోయిందటే? రాజు ఇస్తానన్నది వద్దంటే ఊళ్లోవాళ్లు నన్ను బతకనిస్తారా?" అని మారన్న కసిరాడు. అదే మాటన్నందుకు బుచ్చన్నకు ఇంట్లో చెంపదెబ్బ దక్కింది. చివరికి అయ్యవారే ఇద్దరి చేతులూ పట్టుకుని రాజధానికి నడిచారు.

"ఏం కావాలమ్మా?" అని కొలువులో రాజు ఆదరంగా అడిగాడు.

"ఏమీ వద్దు ప్రభూ. ఇస్తానన్నది వెనక్కి తీసుకోండి" అంది చెంగల్వ.

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వలేదు.

"మా వాళ్లు మంచితనం కొద్దీ ఇచ్చిపుచ్చుకోలేదు ప్రభూ. మళ్లీ ఏడు ఒకరి మొహం ఒకరు చూడాలి కదా అని ఇచ్చుకున్నారు. తమరు కడసారి అన్నారు. అంతే, ఎక్కడివాళ్లక్కడ మూసేసుకున్నారు. ఆ కాలువ వచ్చేదాకా మేముండాలి కదా!"

బుచ్చన్న తల వంచుకున్నాడు. "మేం బయల్దేరిన పొద్దున మా ఆవు చచ్చిపోయింది ప్రభూ" అన్నాడు.

రాజు గద్దె దిగి వచ్చి, "మేలు చేస్తున్నాననుకున్నాను తల్లీ. నా నోటి మాటే మీకు ఉరి అయ్యింది" అన్నాడు. ఆ పూటే రెండూళ్లకూ గుర్రాల మీద మనుషుల్ని పంపాడు.

మళ్లీ డప్పు మోగింది. "కాలువా లేదు, బీడూ లేదు. నీళ్లు ఎగువవారివి, గడ్డి దిగువవారిది. ఒకరి గడప ఒకరు తొక్కాల్సిందే. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఇంతే!"

జనం అయ్యవారి మీద దుమ్మెత్తి పోశారు. సింగమనాయుడు మాత్రం అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. "వచ్చే ఏడూ, ఆ పై ఏడూ నా గొడ్లు మారన్న వాముల ముందే నిలబడాలన్నమాట" అని గొణుక్కుంటూ లేచాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్లి తన చేత్తోనే తూము ఎత్తాడు. చెరువు కాలువలో నీళ్లు కనబడగానే మారన్న బళ్లు కట్టించాడు.

అప్పటికే సగం నారు పోయింది. ఎగువపాడు పాకల్లో ఎన్నో గుంజలు ఖాళీగా ఉన్నాయి. పోయినవేవీ తిరిగి రాలేదు పిల్లలూ. ఆ ఏడు రెండూళ్లూ అరకడుపుతో పడుకున్నాయి, కానీ బతికాయి.

రేపు మళ్లీ ఎదురుపడాలని ఎరిగినవాడే ఇవాళ న్యాయంగా నడుస్తాడు. అందుకే ఏ మనిషితోనూ ఇదే కడసారి అనుకోకూడదు.