దూదిజోళ్ళ దావా

మూడు అడవులకూ కలిపి ఒక పెద్దసభ ఉండేది. ఆ సభ చేసిన చట్టం ఎండాకాలం వస్తే చాలు అందరికీ గుర్తొచ్చేది: ఏ జంతువూ కాళ్ళకు దూదిజోళ్ళు కట్టుకోకూడదు. బూరుగుదూదిని తీగతో పాదాలకు చుట్టుకుంటే ఎండుటాకుల మీద నడిచినా చప్పుడు కాదు. అలా చప్పుడు లేకుండా వచ్చిన అడవిపిల్లి గండప్ప నోటికే కౌజుపిట్ట వెంకాయమ్మ చెల్లెలు చిక్కింది. ఆ తర్వాతే చట్టం వచ్చింది.

అప్పటినుంచీ వెంకాయమ్మకు ఎవరి మీదా నమ్మకం లేదు. తన నీడ కదిలినా "ఎవరది?" అని అడిగే రకం. అందుకే గండప్ప ఆ చట్టం మీద దావా వేశాడని వినగానే ముందుగా వెళ్ళి ధర్మాసనం ఎదురుగా కూర్చుంది. న్యాయాధికారి అడవిదున్న. చాలా నిదానస్తుడు. రాసి ఉన్న మాట దాటి అంగుళం జరగడు.

గండప్ప తరఫున నక్క లేచింది.

"ప్రభూ, మావాడి పాదాలు సుకుమారం. ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. జోడు ఆయుధమా? కరుస్తుందా, గీరుతుందా?"

"నక్క వినయం మొదలైంది," అని గొణిగింది వెంకాయమ్మ. "బాబూ, ముళ్ళు డొంకలో ఉంటాయి. మీవాడు జోళ్ళు కట్టుకు తిరిగింది మా గూళ్ళ దగ్గర కదా?"

నక్క మాట మార్చింది. "సరే, ఆయుధమే అనుకోండి. 'ఎవరి గోళ్ళు, కొమ్ములు వారి సొంతం, పెద్దసభ వాటి జోలికి రాకూడదు' అని మన మూలశాసనం. జోడు గోటిని అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి అది గోటిలో భాగమే!"

"ఇందాక ఆయుధం కాదన్నావు, ఇప్పుడు గోరే అంటున్నావు. నీకెన్ని నాలుకలయ్యా?"

దున్న చాలాసేపు నెమరేసింది. "శాసనంలో జోళ్ళ మాట లేదు. కానీ గోరు ఉంది. జోడు గోటిలో భాగమని ఒప్పుకుంటున్నాను. చట్టం కొట్టేస్తున్నాను."

కుందేళ్ళు ఘొల్లుమన్నాయి. గండప్ప అప్పుడే వెంకాయమ్మవైపు చూసి మీసాలు నాక్కుంటున్నాడు. ఆ చూపులోనే ఆమెకు ఒక అనుమానం తట్టింది: వీడు గెలిచింది అందరి కోసమా, తన ఒక్కడి కోసమా?

"ప్రభూ, ఒక్క మాట. తీర్పు పిల్లికి మాత్రమేనా, కాళ్ళున్న ప్రతి ప్రాణికా?"

దున్న నోరు తెరిచేలోపే నక్క ఛాతీ విరుచుకుంది. "ఎంత మాట! చట్టం ముందు అందరూ ఒకటే. ప్రతి ప్రాణికీ!"

"అలాగే రాయండి," అంది వెంకాయమ్మ మెల్లగా.

సాయంత్రానికల్లా కొండముచ్చులు బూరుగుచెట్లు దులిపాయి. జింకలు, కుందేళ్ళు, కౌజులు, ఆఖరికి ఉడతలు కూడా దూది కట్టుకున్నాయి. పిల్లి జాడ కనిపెట్టడానికి కొండముచ్చులు కొమ్మల మీద కాపలా కూర్చున్నాయి. వాటికి చెవులతో పనిలేదు, కళ్ళు చాలు.

గండప్ప పొదలో నక్కి చెవులు రిక్కించాడు. ఆకు కదిలిన చప్పుడు లేదు. వేట ఎటు పోతోందో తెలియదు. లేచి వెతికితే పైనుంచి కొండముచ్చు కేక. అలా రోజులు గడిచి పొట్ట వీపుకంటుకుంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు! నక్కను వెంటేసుకుని మళ్ళీ ధర్మాసనం ముందు సాగిలపడ్డాడు.

"ప్రభూ, ఈ జోళ్ళతో అడవి పాడైపోతోంది. పాత చట్టం మళ్ళీ పెట్టించండి!"

వెంకాయమ్మ మెడ చాచింది. "ఎందుకో అడగండి ప్రభూ. ఇందులో ఏదో ఉంది."

దున్న అడగలేదు. రాసి ఉన్నదే చదివింది. "జోడు గోటిలో భాగమని వాదించింది మీరు. ఒప్పుకున్నది నేను. జోడు తీసెయ్యమంటే గోరూ తీసెయ్యాలి. ముందు ఎవరి గోటితో మొదలుపెడదాం?"

గండప్ప చటుక్కున పంజాలు పొట్ట కిందికి లాక్కున్నాడు. నక్క ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు, చప్పుడే కాలేదు మరి.

తన ఒక్కడికే అనుకుని హక్కు కోసం పోరాడినవాడు, అది అందరికీ దక్కిన నాడు చట్టం కావాలని ఏడుస్తాడు.