తడిమట్టి మీద మొదటి అడుగు

"దొంగ! దొంగ! మన దుంపలు తవ్వేసినోడు వీడే! వదలకండ్రా!"

వీధి చివర్నుంచి నక్క గవరయ్య పెట్టిన కేక అది. అంతే! పొట్టేలు, గిత్త, నాలుగు కుక్కలు, ఆఖరికి గుడ్లు పొదుగుతున్న బాతమ్మ కూడా, ఏంటీ ఎందుకూ అనకుండా ఉరికారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఈ వీధి నక్కను నమ్మింది.

ముందు పరిగెడుతున్నది ముళ్లపంది ముత్యాలు. పొరుగడవి నుంచి వచ్చి ఆర్నెల్లే అయింది. వాడి ఒంటి ముళ్లు చూస్తేనే వీధికి ఒళ్లు మంట.

పన్నెండేళ్ల కిందట ఇలాగే గుంపుగా తరిమి ఒక కుందేలును చంపేశారు. పంచాయితీ పెడితే, తీర్పు చెప్పాల్సిన పెద్దలూ ఆ గుంపులోవాళ్లే! "అందరూ కొట్టారు, ఎవరినని శిక్షిస్తాం?" అని తోకలు దులుపుకుని లేచారు. ఆ కుందేలును పాతిపెట్టింది గాడిద సింగారమ్మ. అప్పట్నుంచి ఏటా ఏడడవుల సభకి నడిచి వెళ్లి, "గుంపు చంపితే ఆ వీధివాళ్లు కాదు, ఏడడవులూ కలిసి విచారించాలి. అందుకు చట్టం చెయ్యండి" అని అడిగేది. సభ పెద్ద ఏనుగేమో, "గుంపుకి మొహం ఉండదు కదమ్మా, ఎవర్ని పట్టుకుంటాం?" అని పంపేసేది. పన్నెండుసార్లు! మనం ఎవరినైనా తిట్టాలంటే గాడిదా అంటాం గానీ, అంత ఓపిక మనలో ఎవరికుంది చెప్పండి?

ఈ రోజు సింగారమ్మ కుండలమట్టి మోసుకొస్తోంది. ముత్యాలు ఆమె పక్కనుంచి దూరి సందు చివర గోడకి కరుచుకున్నాడు. ఇక దారి లేదు. సింగారమ్మ ఒక్క విదిలింపు విదిలించింది. తడిమట్టంతా సందుకి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది.

"కొట్టేవాళ్లు రండి నాయనా, నేను ఆపగలనా? దీని మీంచే నడవండి. ఎవరి అడుగు వాళ్లది పడుతుంది. ఎండాక సభకి పట్టుకెళ్తాను."

ఆ అడవుల్లో మట్టిలో పడ్డ అడుగంటే మన వేలిముద్ర లాంటిది. నాది కాదంటే చెల్లదు.

పొట్టేలు అంచున ఆగిపోయింది. "గిత్తబావా, నువ్వు పద."

"కొమ్ములు నీకు లేవేంట్రా? నువ్వే పద."

"నేను ఊరికే చూద్దామని వచ్చానమ్మా, గుడ్లు చల్లారిపోతున్నాయి" అంటూ బాతమ్మ వెనక్కి తిరిగింది.

"సిగ్గు లేదట్రా! తొయ్యండి ముందుకి!" అన్నాడు వెనకాల నిలబడ్డ గవరయ్య.

"కేక నీదే కదా మావా, మొదటడుగూ నువ్వే వెయ్యి" అంది గిత్త.

"తడి తగిల్తే నాకు జలుబురా!"

అందరూ పకపకా నవ్వారు. నక్కకి రోషం పొడుచుకొచ్చింది. అడుగు పడకుండా దూకేస్తే సరి అనుకున్నాడు, ఎంతైనా తెలివైనవాడు కదా! నాలుగడుగులు వెనక్కేసి ఎగిరాడు. అటు ముత్యాలు భయంతో ముళ్లన్నీ నిక్కబొడిచాడు. గాల్లోనే గవరయ్య గుండె జారింది. వెనక్కి మళ్లబోయి మట్టి నడుమ బోర్లా పడ్డాడు. నాలుగు కాళ్లూ, తోకా, మూతితో సహా అచ్చు! గుంపు నవ్వుకుంటూ చెదిరిపోయింది.

పదమూడోసారి సింగారమ్మ సభకి ఆ ఎండిన మట్టిపలకతో వెళ్లింది. సభ పిలిస్తే వీధివాళ్లూ వచ్చారు.

"అందరితోపాటు నేనూనయ్యా" అని గొణిగాడు గవరయ్య.

"అందరూ ఏరీ? ఇందులో నువ్వొక్కడివే ఉన్నావు" అంది ఏనుగు.

పొట్టేలు తలొంచుకుని లేచింది. "మేమూ ఉరికామయ్యా. ఎవరి అడుగు వాళ్లు వెయ్యాలనేసరికి ఆగాం."

"మరి దుంపల సంగతో?" అన్నారెవరో.

"అది వేరే విచారణ. దొంగే అయినా వాడి ప్రాణం గుంపు సొత్తు కాదు" అంది సింగారమ్మ.

ఏనుగు లేచి చట్టం మీద తన అడుగు వేసింది. గుంపులో ఉన్న ప్రతివాడిదీ పూర్తి నేరమే. విచారణ ఏడడవులది. ముళ్లు చూసో, తోలు చూసో కొడితే శిక్ష రెట్టింపు. గవరయ్యకి మాత్రం ఏడాదిపాటు ముత్యాలు ఇంటికి కాపలా!

గుంపులో పరిగెత్తినా ఎవరి అడుగు వాళ్లదే.

పొద్దెక్కేసరికి సభ ముగిసి, అందరికీ భోజనాల విస్తళ్లు పరిచారు. ముత్యాలు పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయింది. పొట్టేలు అటూ ఇటూ చూసి, "ముళ్లు కాస్త వాల్చుకో అబ్బాయ్" అని వాడి పక్కనే చతికిలబడింది. సింగారమ్మ మొదటి ముద్ద ఎత్తాక అందరూ తినడం మొదలెట్టారు.